రెండు గీతల సాక్ష్యం

ప్యాటిసన్ తోవాతా నోట "నాకు తెలియదు" అన్న మాట, అతనికి యాభై మూడేళ్లు వచ్చేదాకా, మలైటా దీవి ఒడ్డున ఉప్పునీటి లౌ సరస్సులో ఎవరూ వినలేదు. వాన ఎప్పుడు తెరిపిస్తుందో చెప్పేవాడు. ఎవరి పడవ ఇంజను ఎందుకు మొరాయిస్తోందో ముట్టుకోకుండానే చెప్పేవాడు. పుట్టబోయేది ఆడో మగో చెప్పి, అది కాస్తా తప్పితే, "నువ్వు నెలలు సరిగ్గా లెక్కపెట్టలేదు" అని తల్లినే కసిరేవాడు. మడ అడవి తెగిన చోట, ఒడ్డున, రెండు గదుల రేకుల ఆసుపత్రికి అతనే నర్సు, అతనే మందులిచ్చేవాడు, అతనే ఊడ్చేవాడు. ఉద్యోగం నర్సుదే గానీ జనం డాక్టరనే పిలిచేవారు. అతనెప్పుడూ సరిదిద్దలేదు.

కర్రపెండలం గంజి పెట్టిన తెల్లచొక్కా వేసుకుని, బొగ్గుల ఇస్త్రీ మడత చెదరకుండా పడవలో నిటారుగా కూర్చుని వచ్చేవాడు. సరస్సులో రాళ్లు పేర్చి కట్టుకున్న దీవుల ఆడవాళ్లు అతన్ని చూసి నవ్వుకునేవారు, కానీ బిడ్డకు జ్వరమొస్తే అతని దగ్గరికే తెడ్డు వేసేవారు. మందు ఉంటే ఇచ్చేవాడు, లేకపోతే తిట్టేవాడు. రెండిటికీ సగం జ్వరం తగ్గేది.

ఆ గర్వానికి ఒక మూలం ఉంది. అతనికి నాలుగేళ్లప్పుడు మోకాలి కింద ఒక పుండు లేచింది. చీలిన మేడిపండులా ఎర్రగా, గింజలు గింజలుగా, నొప్పి లేకుండా. యాస్ పుండు. అప్పట్లో ఒంటి మీద ఆ పుండు లేని పిల్లవాడు సరస్సులో లేడు. పిల్లల కాళ్లు ఒకదానికొకటి రాసుకుంటే అంటుకునేది; పిల్లలు కాళ్లు రాసుకోకుండా ఎక్కడ ఆడతారు? ముదిరితే ఎముక తొలిచి, ముక్కు తినేసేది. ఒకనాడు తెల్లపడవలో నలుగురు మనుషులు వచ్చారు. దీవి మొత్తాన్ని వరసలో నిలబెట్టి తలకొక సూది వేసి వెళ్లారు. వారం తిరిగేసరికి పుండు ఎండి, పెచ్చు రాలి, కింద లేత చర్మం మిగిలింది. మంత్రాలు, ఆకు పసర్లు, తాతల ఆత్మలకు పందులు, ఇవేవీ ఇన్నేళ్లు చేయలేనిది ఒక్క సూది చేసింది. ఆ వారమే ప్యాటిసన్ నర్సయిపోయాడు. తర్వాత చదివిన చదువంతా లాంఛనమే.

రోగాల పేర్లు పెట్టడంలో మనుషుల బుద్ధి ఎక్కడైనా ఒకటే. సవాయి రోగాన్ని మన పాత వైద్యులు ఫిరంగి రోగమన్నారు, సముద్రం దాటి వచ్చిన దొరల రోగమని. అదే పరంగి పేరును లంకలో యాస్ పుండ్లకు పెట్టారు. మన గోదావరి మన్యంలో యాస్‌కు కోయ రోగమని పేరు. ఎవరి పుండైనా పక్కవాడి పేరు మీదే ఉంటుంది. అయితే, రెండు వేరువేరు రోగాలకు లంకలోనూ మన దగ్గరా ఒకే పేరు పెట్టిన ఆ అమాయకులు, తెలియక ఒక నిజం చెప్పారు. సవాయి క్రిమి, యాస్ క్రిమి అన్నదమ్ములు. భూతద్దం కింద పెట్టినా ఎవరు ఎవరో పోల్చలేనంత దగ్గర. ఒకటి పక్క మీద అంటుకుంటుంది, రెండోది ఆటలో అంటుకుంటుంది, అంతే తేడా. ప్యాటిసన్‌కు ఈ సంగతి నర్సుల బడిలో ఎవరో చెప్పే ఉంటారు. పరీక్ష రాసి మర్చిపోయాడు.

సూది తీసుకున్న తరం పెద్దదయ్యాక యాస్ మళ్లీ పాకింది. ఎనభై నాలుగులో ప్రభుత్వం మళ్లీ సూదులు పంపింది. ఈసారి పడవలో వెళ్లింది ప్యాటిసనే. నాలుగు నెలలు దీవి తర్వాత దీవి తిరిగాడు. సూది చూసి పిల్లలు సముద్రంలోకి దూకేవారు, ఈదుకుంటూ వెళ్లి పట్టుకొచ్చేవాడు. తఫలో దీవిలో ఒక పిల్ల అతని ముంజేతిని పళ్లు దిగేలా కరిచింది. కరిచిన చేత్తోనే సూది వేశాడు. అతని జీవితంలో అంత సుఖంగా గడిచిన రోజులు మళ్లీ రాలేదు.

ఇరవై రెండేళ్ల తర్వాత రాజధాని నుంచి ఒక అట్టపెట్టె వచ్చింది. అందులో సవాయి పరీక్ష కిట్లు. వేలి కొన మీద చిన్న పోటు, ఒక చుక్క నెత్తురు, పావుగంట. ఒక గీత వస్తే లేదు, రెండు గీతలు వస్తే ఉంది. గర్భిణులందరికీ చేయాలని కాగితం. పరీక్ష ఎలా చేయాలో బొమ్మలతో ఒక పటం కూడా పంపారు. పటాన్ని గోడకు కొట్టి, ప్యాటిసన్ దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఇన్నేళ్లూ అతను కళ్లతో, ముక్కుతో, అనుమానంతో రోగాలు పట్టాడు. ఇప్పుడు నెత్తురే నోరు విప్పి చెబుతుంది. పటం అడుగున చిన్న అక్షరాల్లో రెండు లైన్లున్నాయి. కళ్లజోడు ఇంట్లో ఉండిపోయింది.

నెస్టా ఐదో నెలలో వచ్చింది. ఇరవై తొమ్మిదేళ్ల మనిషి, రెండో కాన్పు. పుట్టిల్లు తఫలో, అత్తిల్లు ఫౌబారా. మొగుడు జెరోమ్ పడమటి దీవుల్లో నోరో రేవు నుంచి ట్యూనా పడవల మీద పనికి వెళ్లి మూడు నెలలైంది. ఆడపడుచు జూడిత్ తెడ్డు వేసుకొచ్చింది. కిట్‌లో రెండు గీతలు పడ్డాయి, రెండూ చక్కగా, ముదురు రంగులో.

నెస్టాను లోపలికి పిలిచి, తలుపు వేసి చెప్పాడు. అంతవరకు పద్ధతిగానే చేశాడు.

"సూది వేస్తాను. బిడ్డకేం కాదు. నీ మొగుడికీ వేయించాలి."

నెస్టా కాసేపు గోడ మీద పటం చూసింది. "నాకెలా వచ్చింది, డాక్టరు మావయ్యా?"

"అది నన్నడిగితే ఏం లాభం? నీ మొగుణ్ణి అడుగు. లేకపోతే నిన్ను నువ్వు అడుక్కో."

సూది వేశాడు. బిడ్డ కడుపులో ఉండగా అనుమానమొస్తే సూది వేయాల్సిందే. ఆ ముక్కలో ఎవరూ తప్పు పట్టరు. నోటితో అన్న ముక్క దగ్గరే ఉంది చిక్కు. దాన్ని మించిన చిక్కు మర్నాడు పొద్దున్న వచ్చింది.

ఆ రోజుల్లో ఆసుపత్రులన్నిటికీ కలిపి ఒకే రేడియో. పొద్దున్న ఎనిమిదింటికి ఒకరి తర్వాత ఒకరు మాట్లాడేవారు. మందులైపోయాయి, పడవ పంపండి, ఫలానా పెద్దాయన పోయాడు, కొడుక్కి చెప్పండి. ఎవరు మాట్లాడినా అన్ని దీవులూ వినేవి. ఉన్నది ఒకే దారి కాబట్టి దాని మీద ఏది నడవాలి, ఏది నడవకూడదు అన్న ఆలోచన ఎవరికీ ఉండేది కాదు. రోగులు కూడా ఎనిమిదికి ముందే వచ్చి కిటికీ కింద అరుగు మీద కూర్చునేవారు, సగం రోగం కోసం, సగం రేడియో కోసం.

ప్యాటిసన్ నోరో ఆసుపత్రిని పిలిచాడు. మొదట నెస్టా పేరు, రోగం పేరు లేకుండానే చెప్పాడు. "ట్యూనా పడవ మీద జెరోమ్ అని మావాడొకడున్నాడు. పిలిచి పెనిసిలిన్ వేయండి."

"జెరోమ్‌లు ముగ్గురున్నారిక్కడ," అంది గరగరమంటూ నోరో నర్సు గొంతు. "ఏ జెరోమ్? దేనికి?"

"మా లౌ మనిషి. ఫౌబారా జెరోమ్."

"లౌ వాళ్లే ఇద్దరున్నారు. పెళ్లాం పేరు చెప్పు."

"నెస్టా. సవాయి. నిన్న పరీక్షలో తేలింది."

చెప్పి, తన పని తను చేసినవాడిలా రేడియో మీటను కిందికి వాల్చాడు. అప్పుడు కిటికీ బయట అరుగు మీద అలికిడి వినబడింది. చేపముల్లు దిగి చీము పట్టిన వేలికి కట్టు మార్పించుకుందామని వచ్చిన మనిషి లేచి నిలబడ్డాడు. అతను అలిక్, నెస్టా అన్న.

మలైటాలో అన్న చెవిన పడకూడని మాటంటూ ఉంటే అది చెల్లెలి కాపురం గుట్టు. అన్న ఉన్నచోట చెల్లెలికి నెల తప్పిందని కూడా ఎవరూ ఎత్తరు. ఒకనాడు ఆమె బిడ్డనెత్తుకుని కనబడుతుంది, అతను మేనమామ అయ్యానని గ్రహించుకుంటాడు, అంతే. అలాంటిది ఈ మాట, ఈ రోగం పేరుతో కలిపి, అరుగు మీద పదిమంది మధ్య. అలిక్ ఎవరి వైపూ చూడలేదు. చీము కారుతున్న వేలిని అలాగే పట్టుకుని పడవ వైపు నడిచాడు. ఎవరూ పిలవలేదు.

సాయంత్రానికి అలిక్ నుంచి కబురొచ్చింది. ప్యాటిసన్ తప్పు కట్టాలి. ఒక పంది, అక్కడ డబ్బుగా చెల్లే గవ్వల దండలు రెండు. కట్టాడు. తల వంచి కట్టలేదు, తల ఎత్తే కట్టాడు.

"సర్కారు పని చేసినందుకు పంది కట్టిన మొనగాణ్ణి నేనొక్కణ్ణే," అన్నాడు ఇంటికొచ్చి. "వీళ్లు ఇంకా తాతల కాలంలోనే ఉన్నారు. క్రిమికి అన్నేంటి, చెల్లెలేంటి?"

అతని భార్య మేబెల్ చిలగడదుంపలు ఒలుస్తోంది. "క్రిమికి లేదు. ఆ పిల్లకుంది," అంది.

ఆ పిల్లకు ఏమయిందో రెండో రోజుకల్లా సరస్సంతా తెలిసింది. అత్త లోసియా ఆమె చాపను, కుండను, పెద్దపిల్లను పడవలో పెట్టింది. గొడవ పడలేదు, గట్టిగా మాట్లాడలేదు. "నా కొడుకు సముద్రం మీదున్నాడు. రోగం ఇంట్లో ఎలా పుట్టిందో పుట్టింట్లో ఆలోచించుకో," అంది. తఫలోలో నెస్టా తల్లి వంటపాకలో చోటిచ్చింది. చెల్లెలు ఎదురుపడకుండా అలిక్ తన చాపను పడవల పాకకు మార్చుకున్నాడు. ఇంటి ముందునుంచి నడవాల్సిన మనిషి వెనకనుంచి, మోకాలి లోతు నీళ్లలో నడిచి వెళ్లేవాడు. నోరో నుంచి జెరోమ్ మాత్రం ఏ కబురూ పంపలేదు.

ప్యాటిసన్ మళ్లీ తన చొక్కా, తన మడత, తన ఆసుపత్రిలో పడ్డాడు. మరో ఇద్దరు గర్భిణులకు రెండు గీతలు వచ్చాయి. ఆ ఇద్దరి మొగుళ్లు దగ్గరే ఉన్నారు కాబట్టి రేడియో దాకా పోలేదు. సరస్సు చెడిపోయిందని అతను కాస్త దిగులుపడ్డాడు కూడా.

రెండు నెలల తర్వాత రాజధాని నుంచి డెలియా వచ్చింది. మలేరియా పరీక్షకు నెత్తురు పూసిన గాజుపలకలు సరిచూసే ఉద్యోగం ఆమెది. ముప్పై ఏళ్ల మనిషి, ఎర్రటి నోరు, సున్నం డబ్బా ఎప్పుడూ చేతిలోనే. పలకలు చూడడం అయ్యాక గర్భిణుల పుస్తకం తిరగేసింది.

"ముప్పై ఒక్కమందిలో ముగ్గురా? ఎక్కువే అంకుల్. పట్నంలో కూడా ఇంత లేదు."

"కాలం మారింది."

"ఈ ముగ్గురికీ చిన్నప్పుడు యాస్ వచ్చిందా?"

ప్యాటిసన్ నవ్వాడు. "అదేం ప్రశ్న? ఆ వయసు వాళ్లలో యాస్ రానిదెవరికి? ఇక్కడందరికీ వచ్చింది. నాకూ వచ్చింది."

డెలియా వక్క నమలడం ఆపింది. గోడ మీద పటం దగ్గరికి వెళ్లి అడుగున ఉన్న చిన్న అక్షరాల మీద వేలు పెట్టింది. ప్యాటిసన్ జేబులోంచి కళ్లజోడు తీశాడు. చదివాడు. మళ్లీ చదివాడు.

"ఈ కిట్ క్రిమిని చూడదు అంకుల్," అంది డెలియా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు కాకుండా జాగ్రత్తపడుతూ. "క్రిమి మీద నెత్తురు పెట్టుకున్న పగను చూస్తుంది. ఆ పగ నిన్నటిదా, ఇరవయ్యేళ్ల నాటిదా అంటే చెప్పలేదు. క్రిమి చచ్చిపోయినా కొందరి నెత్తురులో పగ చావదు. పైగా ఈ రెండు క్రిములూ అన్నదమ్ములు. తమ్ముడి మీద పగను అన్న మీద పగ అంటుంది. మన మలైటా వాళ్ల పగలాంటిదే. తాత కొట్టిన దెబ్బకి మనవణ్ణి పట్టుకుంటుంది."

"మరి ఏ పరీక్ష చెబుతుంది?"

"అన్నో తమ్ముడో నెత్తురు పరీక్ష ఏదీ చెప్పదు. గొడవ ఇంకా నడుస్తోందా, సద్దుమణిగిందా అని చెప్పే పరీక్ష పట్నంలో ఒకటుంది. అదీ పూర్తిగా నమ్మేది కాదు. సూది వేయకముందే ఒక గొట్టంలో నెత్తురు తీసి పంపి ఉంటే కొంత తెలిసేది."

"ఇప్పుడు తీసి పంపితే?"

"నువ్వు సూది వేసేశావు కదా. ఇప్పుడు గొడవ లేదనొస్తే, ముందునుంచీ లేదో, నీ సూదితో పోయిందో ఎవరు చెబుతారు? సూది మంచిదే అంకుల్, బిడ్డ కోసం వేయాల్సిందే. ఆమెకి ఆ రోగం లేదని మాత్రం ఇక ఏ కాగితమూ రాయలేదు. ఉందని కూడా రాయలేదు." అని, "ఎవరికీ చెప్పలేదు కదా?" అని అడిగింది.

ప్యాటిసన్ గర్భిణుల పుస్తకం దగ్గరికి లాక్కున్నాడు. కళ్లు ఒక వరస మీద ఆగాయి. నెస్టా, తఫలో. ఎడమచేత్తో కుడి ముంజేతిని తడుముకున్నాడు. ఎనభై నాలుగులో తఫలో దీవి గట్టు మీద పట్టుకున్న పిల్లకు ఏడేళ్లుంటాయి. పిక్క మీద మేడిపండంత పుండు. మూడోసారి పరుగెత్తి నీళ్లలో దూకిన పిల్ల. అలిక్ చెల్లెలు. ఎత్తుకొచ్చి ఒళ్లో పెట్టింది అలికే. "కదలకు పాపా, ఈ సూదితో నీకు మళ్లీ ఎప్పుడూ రాదు," అన్నది తనే. తను వేసిన సూదికి మాయమైన రోగపు జాడను పట్టుకుని, తనే ఆ పిల్లను అన్ని దీవుల రేడియోలో నిలబెట్టాడు.

డెలియా వెళ్లిపోయాక అతను మూడు రోజులు చొక్కాకు గంజి పెట్టలేదు. మేబెల్ గమనించింది గానీ అడగలేదు. అడగకుండా ఉండడమే అతన్ని మాట్లాడించే దారి అని ఆమెకు తెలుసు. నాలుగో రోజు పొద్దున్న వక్కలు చీలుస్తూ అంతా చెప్పాడు. తల ఎత్తకుండా చెప్పాడు.

"ఎనిమిదింటికి రేడియోలో చెప్పేస్తాను. నా తప్పేనని. ఆ పిల్లకేం లేదని."

"ఏం లేదని నీకు తెలుసా?"

"తెలియ..." అన్నాడు, ఆగిపోయాడు.

"చెప్పు. గొంతులో ముల్లేం దిగలేదు కదా."

"తెలియదు."

మేబెల్ అతన్ని కాసేపు చూసింది. నవ్వలేదు. "పెళ్లయి ముప్పై ఏళ్లు. ఈ మాట వినడానికి ఇంతకాలం పట్టింది," అంది. "సరే, రేడియోలో ఏమని చెబుతావు? నెస్టాకి ఫలానా రోగం లేదని. అలిక్ మళ్లీ వింటాడు. చెల్లెలి పేరు, ఆ రోగం పేరు మళ్లీ ఒకే నోట. ఉందన్నా తప్పే, లేదన్నా తప్పే. మొదటిసారి పంది అడిగాడు. ఈసారి నిన్నే అడుగుతాడు."

"మరేం చేయను? చెప్పకపోతే ఆ పిల్ల వంటపాకలోనే కంటుంది."

"ఆ పిల్ల గురించి నోరెత్తకు. నీ గురించి చెప్పుకో. అది నీకు బాగా వచ్చిన పనే కదా."

ఎగతాళిగానే అంది. కానీ ఆ మాటకు ప్యాటిసన్ వక్కల కత్తి కింద పెట్టి తలెత్తాడు.

బుధవారం ఒడ్డున సంత. కొండవాళ్లు చేమదుంపలూ వక్కలూ దించుతారు, ఉప్పునీటి దీవుల వాళ్లు చేపలు తెస్తారు. ఆడవాళ్లు ఎదురెదురుగా రెండు వరసల్లో నిలబడి, అటు దుంప ఇటు చేప మారుస్తారు. ప్యాటిసన్ మాసిన చొక్కాతో వచ్చి రెండు వరసల మధ్య పెట్టె బోర్లించుకుని కూర్చున్నాడు. కిట్ల డబ్బా ఒళ్లో ఉంది.

"ఏంటి డాక్టరు బావా, మందులు కూడా దుంపలకి మారుస్తున్నావా?" అంది ఒక కొండావిడ.

"ఇస్త్రీపెట్టె కాలిపోయిందేమో పాపం," అంది ఇంకొకామె. "మేబెల్ ఇంట్లోంచి గెంటేసినట్టుంది."

"వినండి," అన్నాడు ప్యాటిసన్. ఎప్పుడూ అరిచే మనిషి నెమ్మదిగా అనేసరికి దగ్గరున్నవాళ్లు ఆగారు. "ఇది సవాయి పరీక్ష. నాకు నేనే చేసుకుంటున్నాను. చూడండి."

మగవాడు నడిసంతలో ఆ రోగం పేరు తన మీద వేసుకోవడం ఎవరూ ఎరగరు. నవ్వులు ఆగిపోయాయి. అతను వేలు గుచ్చుకుని చుక్క వేశాడు. పావుగంట చాలా పెద్ద సమయం. చేపల మీద ఈగలు వాలుతున్నా ఎవరూ తోలలేదు. మొదట ఒక గీత వచ్చింది. తర్వాత రెండోది నెమ్మదిగా, ముదురుగా తేలింది.

"రెండు గీతలు," అన్నాడు. "ఇది చెప్పేదాని ప్రకారం నాకు సవాయి ఉంది."

"ఎవరి తోటలో తిరిగావు బావా?" అంది వెనకనుంచి ఒక ముసలామె. అందరూ గొల్లుమన్నారు. ప్యాటిసన్ తను కూర్చున్న పెట్టె అంచు పట్టుకున్నాడు. లేచిపోవాలనిపించింది. లేవలేదు.

"తిరగలేదు. నాలుగేళ్లప్పుడు నాకు యాస్ వచ్చింది. ఇదిగో మచ్చ." లుంగీ మోకాలి దాకా లాగాడు. "ఈ గీత ఆ పుండుదై ఉండాలి. ఈ కిట్‌కి పిల్లల పుండుకీ, పెద్దల రోగానికీ తేడా తెలియదు. పాతదో కొత్తదో తెలియదు. నాకు తెలుసనుకున్నాను. నాకు తెలియలేదు. ఎవరెవరి దగ్గర నేను తెలుసని మాట్లాడానో, ఆ మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. ఇంతకంటే చెప్పకూడదు. ఎందుకు చెప్పకూడదో మీకే తెలుసు."

అందరికీ తెలుసు. ఎవరూ ఏ పేరూ ఎత్తలేదు.

"అంటే ఆ రోగమే లేదా?" అంది ఒక యువతి.

"ఉంది. ఉన్నవాళ్లున్నారు. గర్భంతో ఉన్నవాళ్లు పరీక్షకి రావాలి, సూది వేయించుకోవాలి. సూది నమ్మండి. గీతను పట్టుకుని మనిషిని తూచకండి. నేను తూచాను."

అప్పుడు చేపల వరసలోంచి లోసియా ముందుకొచ్చింది. అరవై దాటిన మనిషి, పద్దెనిమిదేళ్లుగా వితంతువు, చర్చిలో ముందు బల్ల ఆమెది. వేలు చాపింది.

"వద్దొదినా," అన్నాడు ప్యాటిసన్ గొంతు తగ్గించి. "ఇక్కడొద్దు. లోపల చేస్తాను, తలుపేసి. నడివీధిలో ఒకసారి చేసిందే చాలు."

"నీకు నడివీధి కొత్తా?" అంది లోసియా. డబ్బాలోంచి సూదిముల్లు తనే తీసి, చేపలు కోసే చేతితో వేలు గుచ్చుకుంది. చుక్క ఎక్కడ వేయాలో చూసే ఉంది. పావుగంట నిలబడే ఉంది. ఎవరో పెట్టె జరిపినా కూర్చోలేదు. రెండు గీతలు తేలాయి. ఆమె వాటిని చాలాసేపు చూసింది. కిట్‌ను వక్కల సంచిలో వేసుకుని, తెచ్చిన చేపలు మార్చకుండానే వదిలేసి, పడవ ఎక్కింది. పడవ ఫౌబారా వైపు పోలేదు. తఫలో వైపు తిరిగింది.

లోసియా ఆ వంటపాక ముందు ఏమందో, అసలు ఏమైనా అందో, ఎవరికీ తెలియదు. చీకటి పడకముందే నెస్టా చాప, కుండ, పెద్దపిల్ల తిరిగి ఫౌబారాలో ఉన్నాయి. ఆ వారం చివర అలిక్ ఇంటి ముందునుంచే నడిచాడు. ప్యాటిసన్ పేరు మాత్రం ఎక్కడా ఎత్తలేదు, మంచికీ చెడుకీ కూడా. ఏ గాయానికి కట్టు కట్టించుకోవాలన్నా రెండు గంటలు తెడ్డు వేసి వేరే ఆసుపత్రికి వెళ్లేవాడు.

కాన్పుకు నెస్టా కూడా అక్కడికే వెళ్లింది. ఆడపిల్ల పుట్టిందని ప్యాటిసన్ రేడియోలో విన్నాడు. ఆ ఆసుపత్రి నర్సు పేరు చెప్పలేదు, "మీ సరస్సు మనిషి క్షేమం" అని మాత్రం అంది. ఈ మధ్య రేడియోలో అందరూ అలాగే మాట్లాడుతున్నారు. అలా మాట్లాడమని ఎవరు చెప్పారో ఎవరూ చెప్పరు.

బిడ్డకు ఆరు వారాలు నిండాక టీకాకు నెస్టా ఇక్కడికే వచ్చింది. ఆ వారం రెండో ఆసుపత్రిలో టీకాలు లేవు, అందుకు. ప్యాటిసన్ తలుపు వేయబోయి, వేస్తే ఎలా ఉంటుందో, తీసి ఉంచితే ఎలా ఉంటుందో తెలియక సగంలో వదిలేశాడు. ఎన్నో రాత్రులు పేర్చుకున్న మాటలున్నాయి. ఆమె కూర్చున్నాక ఒక్కటీ రాలేదు.

"నువ్వు నన్ను మర్చిపోయావు కదా మావయ్యా," అంది నెస్టా బిడ్డ గుడ్డ విప్పుతూ. "నేను మర్చిపోలేదు. నా పుండు మాన్పింది నువ్వే. అందుకే నువ్వు రోగముందంటే నమ్మాను."

"నీకు తెలుసు కదా నువ్వు..."

"నా గురించి తెలుసు. అందుకే జెరోమ్ అనుకున్నాను. నోరోలో ఎవరితోనో తిరిగి నాకు అంటించాడనుకున్నాను. రెండు నెలలు వంటపాకలో పడుకుని ఆడదాని మొహాన్ని ఊహించుకున్నాను, గౌను రంగుతో సహా. అతను నోరో నుంచి తిరిగొచ్చాక మొహం మీద అనకూడనివన్నీ అన్నాను. అతను ఒట్టు పెట్టాడు. నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానంటే అతను నమ్మడం లేదు." బిడ్డ కాలు సవరించింది. "మా అత్త వచ్చి తీసుకెళ్లింది. నువ్వు సంతలో కూర్చున్నావని చెప్పారు. మంచిదే. అది ఊళ్లోవాళ్లకి. మా ఇంట్లో ఇంకా అలాగే ఉంది."

ప్యాటిసన్ నోరు తెరిచాడు. జెరోమ్‌ను పిలిపించి తను మాట్లాడతానని అనబోయాడు. ఆ మాటా అధికారమే అనిపించింది. మానేశాడు.

"నేనేం చేయాలో నాకు తెలియడం లేదు," అన్నాడు.

నెస్టా తలూపింది. ఒప్పుకున్నట్టో, క్షమించినట్టో కాదు. విన్నానన్నట్టు.

"బిడ్డని తూకం వెయ్యి," అంది.

గుడ్డ ఉయ్యాలలో పెట్టి కాటా కొక్కేనికి తగిలించాడు. ముల్లు ఊగి ఊగి నిలిచింది. కిటికీ కింద అరుగు మీద ఐదారుగురు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. అతను పుస్తకం మీదకు వంగి, పెదాలు కదిలీ కదలకుండా చెప్పాడు.

"వినబడలేదు," అంది నెస్టా.

"నాలుగున్నర కిలోలు."

"గట్టిగా చెప్పు. అది అందరూ వినొచ్చు."

"నాలుగున్నర కిలోలు," అన్నాడు ప్యాటిసన్. ఈసారి కిటికీ వైపు తిరిగి అన్నాడు. బయట ఎవరో ఆ అంకెను పక్కామెకు చెప్పారు. నెస్టా బిడ్డను కొక్కెం నుంచి తనే తీసుకుంది.